ఐసు లేని పాఠాలు

నిద్రలోకి జారుకుంటూ ఏడుకొండలు "రానా" అన్నాడు.

గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్న తులసి చెయ్యి ఆగింది. సోమవారం, పగలు పన్నెండు గంటలు. కలిదిండి అవతల రొయ్యల చెరువు మీద రాత్రంతా కాపలా ఉండి పొద్దున్నే వచ్చే మనిషి, ఆమె ప్యాకింగ్ షెడ్డు నుంచి తిరిగొచ్చి వండేదాకా అరుగు మీద కూర్చుని, ఇంత తిని, మంచం మీద వెల్లకిలా పడుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకోవడం మూడు వారాలుగా జరుగుతోంది. అంతకుముందు ఆయన నిద్రకు ఏ తోడూ అక్కర్లేదు. తల దిండుకు ఆనితే చాలు.

"రానా" అన్నాడు మళ్ళీ, పెదవులు కదిపీ కదపనట్టు. కాసేపాగి, "కూడా" అన్నాడు.

తులసి చేటలోంచి ఒక వడ్లగింజను తీసి గోటితో ఒలిచింది. రానా అనేది ఒకరిని అడిగే మాట. అడిగితే వినేవాళ్ళు ఉండాలి. పదిహేనేళ్ళ కాపురంలో, కూడా రానా అని ఈయన తనను ఒక్కసారీ అడిగి ఎరగడు. వెళ్ళేచోటికి చెప్పకుండా వెళతాడు, వచ్చేటప్పుడు చెప్పకుండా వస్తాడు.

చేటను చప్పుడు కాకుండా నేల మీద పెట్టి మంచం దగ్గరకు నడిచింది. ఫోను దిండు కింద ఉంది. దిండు మీద ఆయన చెయ్యి ఉంది. చెవి దగ్గరగా వంగితే ఇయర్‌ఫోను సందులోంచి సన్నగా ఒక ఆడగొంతు వినిపించింది. మాటలు తెలియలేదు. తొందర లేని గొంతు. ఒక మాట చెప్పి, ఆగి, మళ్ళీ అదే మాట చెబుతోంది, అలిగినవాణ్ణి బుజ్జగిస్తున్నట్టు.

ఏడుకొండలు కనుబొమ్మ ఒకసారి కదిలింది. తులసి వెనక్కి వచ్చి చేట అందుకుంది. ఆ పూట బియ్యంలో రాళ్ళు మిగిలిపోయాయని రాత్రి అన్నం తింటూ కూతురు పింకీ సణిగింది.

మర్నాడు తెల్లవారకముందే షెడ్డులో లారీ నిలబడి ఉంది. మర ఐసు దిమ్మలను కరకరలాడిస్తూ ముక్కలు చేసి కింద పోస్తుంటే, తులసీ సరోజా ఎదురెదురుగా నిలబడి ట్రేలు నింపుతున్నారు. అడుగున ఐసు, దాని మీద చేపల వరస, మళ్ళీ ఐసు. తలలన్నీ ఒకవైపే ఉండాలి. పొట్ట పక్కన ఖాళీ ఉంటే అక్కడ గుప్పెడు ఐసు దూర్చాలి, లేకపోతే కలకత్తా చేరేసరికి ముందు పొట్టే మెత్తబడుతుంది. తులసి చేతులు వాటంతటవే ఆ పని చేసుకుపోతున్నాయి.

"సరోజా, ఎవరన్నా నిద్రలో 'కూడా రానా' అంటే ఏవనుకోవాలే?"

"ఎవరన్నా అంటే ఎవరొదినా?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరైతే ఏవీ అనుకోనక్కర్లేదు." సరోజ ఒక బొచ్చెచేపను తోక పట్టుకుని తిప్పి పడుకోబెట్టింది. "అన్నయ్యగారైతే మాత్రం ఆలోచించాలి. మా ఆయన నిద్రలో పేకముక్కలు పంచుతాడు. ఆ చెయ్యి చూస్తే ఆట తెలిసిపోద్ది. మనిషి పగలు దాచింది నిద్రలో దాచలేడొదినా."

"నీ మొహం."

"నా మొహానికేవొచ్చింది? నువ్వు ఆ ట్రేలో ఐసు రెండుసార్లు పోశావు, అది చూసుకో."

ఆ మధ్యాహ్నం ఏడుకొండలు నిద్రపోయాక తులసి మొదటిసారి ఆయన వస్తువులు సోదా చేసింది. క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటీ విప్పి చూసింది. ఆడగొంతుకూ అన్నం గిన్నెలకూ ఏమి సంబంధమో ఆమెకే తెలియదు, అయినా విప్పింది. సంచీలో టార్చిలైటు, తువ్వాలు, నలిగిన దోమల మందు పొట్లం. వంకీకి వేలాడుతున్న ప్యాంటు జేబులో రెండు వస్తువులు దొరికాయి. గత గురువారం తేదీతో ఏలూరు బస్సు టిక్కెట్టు. ఒక ఫోటో స్టూడియో కవరు. అందులో తెల్లటి తెర ముందు నవ్వకుండా చూస్తున్న ఏడుకొండలు, ఒకేలాంటివి నాలుగు. గురువారం ఆయన ఆలస్యంగా వచ్చి, చెరువు మీద నీళ్ళు చిలికే ఏరేటరు పాడైతే దగ్గరుండి బాగు చేయించానన్నాడు. ఎలా పాడైందో, ఏ నట్టు విరిగిందో కూడా చెప్పాడు.

అబద్ధం చెప్పేవాడు అంత వివరంగా చెబుతాడా అని తులసి ఆలోచించింది. అబద్ధం చెప్పేవాడే అంత వివరంగా చెబుతాడని తేల్చుకుంది. కవరును ఉన్న మడత ప్రకారమే మడిచి జేబులో పెట్టింది.

బుధవారం పట్టుబడి లేదు. చెరువుల్లో చేప పట్టనినాడు షెడ్డులో పని ఉండదు. ఆ సంగతి భర్తకు చెప్పకుండా, ఆయన దారిలో ఎక్కడ ఆగుతాడో, ఎవరితో మాట్లాడతాడో చూద్దామని తులసి తెల్లవారుతుండగానే బయలుదేరి చెరువుగట్టు చివరి మేత గోదాం పక్కన నిలబడింది. చెరువు గేటు అక్కడికి ఎనభై అడుగులుండదు.

ఆరున్నరకు కాపలావాళ్ళు ముగ్గురూ బయటికి వచ్చారు. ముందు వచ్చిన ఇద్దరూ చెరువును కొత్తగా లీజుకు తీసుకున్న ఆసామి తన ఊరి నుంచి తెచ్చుకున్నవాళ్ళు. వాళ్ళు చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. వెనక ఏడుకొండలు వచ్చాడు. గేటు దగ్గర కుర్చీలో ఉన్న గుమాస్తా దుర్గాసాయి లేచి నిలబడ్డాడు. మర్యాదగానే లేచాడు.

"ఏవీ అనుకోకండి బాబాయ్‌గారూ. రూలండి. మా చేతుల్లో లేదండి."

ఏడుకొండలు ఏమీ అనుకున్నట్టు లేదు. క్యారేజీని సిమెంటు దిమ్మ మీద పెట్టి క్లిప్పు తీశాడు. నాలుగు గిన్నెలూ వరసగా పేర్చి, ఒక్కొక్కదాన్నీ బోర్లించి చూపించాడు. సంచీ తిరగేశాడు. తువ్వాలు దులిపాడు. తర్వాత రెండు చేతులూ కొంచెం ఎడంగా పెట్టి నిలబడితే, దుర్గాసాయి అతని లుంగీ మడతను వేలి చివర్లతో తాకి, "సరేనండి, వెళ్ళి రండి" అన్నాడు.

పన్నెండేళ్ళు ఆ చెరువు ఆయన చేతి మీద నడిచింది. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వాసన చూసి, ఇవాళ రొయ్య మేత తినదు, మేత ఆపండి అని చెబితే, ఎకరాల మీద మేత ఆగిపోయేది. ఇప్పుడు గిన్నెలను మళ్ళీ ఒకదానిలో ఒకటి సరిగ్గా కుదిర్చి, క్లిప్పు పడిందో లేదో రెండుసార్లు నొక్కి చూసుకుని, గట్టు మీద తల వంచుకుని నడిచిపోయాడు. దారిలో ఎక్కడా ఆగలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు.

తులసికి మొదట కలిగింది ఊరట, ఆడమనిషి లేదు. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. రోజూ ఇలా గిన్నెలు బోర్లించి చూపించే మనిషి ఆ సంగతి ఇంట్లో ఒక్క ముక్కయినా అనలేదు. ఇది దాచగలిగినవాడు ఇంకేదైనా దాచగలడు.

ఆ మధ్యాహ్నమే ఆమె తెగించింది. ఏడుకొండలు ఊపిరి బరువెక్కేదాకా ఆగి, మంచం తలవైపు నేల మీద చతికిలబడి, ఆయన ఎడమచెవిలోంచి ఇయర్‌ఫోను మెల్లగా లాగి తన చెవిలో పెట్టుకుంది. వైరు పొట్టిది. తల మంచంపట్టెకు ఆనించాల్సి వచ్చింది.

"రానా" అన్నది ఆడగొంతు. కాసేపాగి మళ్ళీ, "రానా."

ఆ వెంటనే ఒక మగగొంతు, వెన్న రాసినంత మెత్తగా: "రానా అంటే పెందలాడే అని అండి. ఇంకా పొద్దుంది, తొందర లేదు అని చెప్పడానికి వాడతారండి."

"కుడా" అన్నది ఆడగొంతు.

"కుడా అంటే ఎక్కడికి అని అండి. మన కూడా కాదండి."

తులసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి పళ్ళతో కొంగు కొరకాల్సి వచ్చింది. మూడు రోజులుగా తాను ఏరిన బియ్యమంతా, సోదా చేసిన జేబులన్నీ కళ్ళ ముందు మెదిలాయి. ఇంతలో పాఠం అయిపోయి ఇంకొకటి మొదలైంది.

"ప్రశాంతంగా పడుకోండి. ఏదీ గుర్తుపెట్టుకోవాలని కష్టపడకండి. ఒళ్ళు వదులుగా వదిలేయండి. నిద్రకు ముందు విన్న మాట దానంతటదే లోపల కూర్చుంటుందండి. ఇది రష్యన్ భాషలో పదమూడో పాఠమండి."

నవ్వు ఆగిపోయింది. రష్యన్ ఎందుకు?

బుధ, గురు, శుక్ర, శనివారాలు నాలుగు మధ్యాహ్నాలూ తులసి ఆ పాఠాలు విన్నది. ఏడుకొండలు అయిదు నిమిషాల్లో నిద్రపోయేవాడు. పాఠాలు గంటన్నర నడిచేవి. ఒళ్ళు వదులుగా వదిలేసి వినమన్నదాన్ని ఆమె పోలీసు రాసుకునే వాంగ్మూలంలా విన్నది. అందుకే కాబోలు ఒక్క మాటా జారిపోలేదు. మొదటి పాఠాల్లో రొట్టె, నీళ్ళు, ఇల్లు, అమ్మ. చేపను రీబా అంటారు. మధ్యలో ఆ మగగొంతు ఒకసారి, "మన చేపల ఫ్యాక్టరీలో పనికి ఈ మాటలు చాలండి" అన్నది. అయితే ఈయన వెళ్ళాలనుకుంటున్నది చేపల ఫ్యాక్టరీకి. ఈ వయసులో, అంత దూరం, తనతో ఒక్కమాట అనకుండా. కోపం వచ్చింది, కానీ కోపం కంటే ముందు ఇంకేదో గుచ్చుకుంది. అదేమిటో శనివారం ఉదయం షెడ్డులో, చేపల వరస మీద ఐసు పోస్తుండగా తెలిసింది.

పాఠాల్లో ఐసు లేదు.

ట్రే లేదు. కత్తి లేదు. పొలుసు లేదు, తూకం లేదు, పెట్టె లేదు. చేప అన్న మాట ఒక్కటే ఉంది, రొట్టె పక్కన, తినే వస్తువులా. షెడ్డులోకి కొత్తగా వచ్చిన పిల్లకు మొదటిరోజు మొదటి గంటలో చెప్పే మాటలు ఒక్కటీ లేవు. ఉన్నవేమిటి? ఇరవయ్యో పాఠం నుంచి ఆడగొంతు లేదు. ఒక మగవాడు చెబుతున్నాడు. స్తోయ్. బిగోమ్. లజీస్. కుడివైపు, ఎడమవైపు. తవ్వు. చప్పుడు చేయకు. వాటి వెనకే ఆ వెన్నగొంతు: "స్తోయ్ అంటే ఆగండి అని అండి. లజీస్ అంటే పడుకోండి అని అండి. బిగోమ్ అంటే పరిగెత్తండి అని అండి." ఆ రష్యావాడు మాత్రం అలా అనడం లేదు. అతని గొంతు కర్రతో నేల మీద కొట్టినట్టుంది. ఆ మాటల్లో అండి లేదు. చేపలు సర్దేవాణ్ణి నేల మీద పడుకోమని ఎవరు అరుస్తారు?

"ఒదినా, లారీవాడు చూస్తున్నాడు" అన్నది సరోజ. తులసి చేతిలో ఐసు కరిగి మోచేతిదాకా కారుతోంది.

ఆ సాయంత్రం ఏడుకొండలు డ్యూటీకి చొక్కా తొడుక్కుంటుంటే అడిగింది. "రష్యా ఎప్పుడండి?"

ఆయన గుండీ పెట్టుకోవడం ఆపలేదు. ఎలా తెలిసిందని అడగలేదు. "ఎల్లుండి ఏలూరు రమ్మన్నారు. సంతకాలకి. చేపల ఫ్యాక్టరీ."

"నేనూ వస్తాను."

"రా" అన్నాడు.

ఆఫీసు ఏలూరు బస్టాండుకు పదినిమిషాల నడక దూరంలో, ఒక మేడమీది గదిలో ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో ఏడుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు, అందరూ కొల్లేటి చుట్టుపక్కలవాళ్ళే. బల్ల వెనక ఇస్త్రీ చొక్కా మనిషి లేచి నమస్కారం పెట్టాడు.

"రండమ్మా, కూర్చోండి. ఎండనపడి వచ్చారు. మంచినీళ్ళు తాగండి."

ఆ గొంతును తులసి వెంటనే గుర్తుపట్టింది. నాలుగు మధ్యాహ్నాలు తన చెవిలో కూర్చున్న గొంతు. పేరు శ్రీకర్ అట, ఊరు తాడేపల్లిగూడెమట. బల్ల మీద, ముందే అందరి దగ్గరా తీసుకున్న పాస్‌పోర్టులు రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. పక్కన కాగితాలు, వాటిలో ఒక్క అక్షరమూ తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు. ఏడుకొండలు ముందుకు ఒక పెన్ను జరిగింది.

"ఒక్క మాటండి" అన్నది తులసి. "రష్యాలో ఐసుని ఏవంటారండి?"

శ్రీకర్ నవ్వాడు. "అక్కడ దేశమంతా ఐసేనమ్మా. దానికి మళ్ళీ పేరెందుకండి?"

కుర్చీల్లో అందరూ నవ్వారు. తులసి నవ్వలేదు.

"మాకు చుట్టూ నీళ్ళేనండి. అయినా నీళ్ళకి పేరుంది."

నవ్వు ఒక చివర నుంచి సన్నగిల్లింది. మండవల్లి నుంచి వచ్చిన చిన్నరాజు, ఐసు దిమ్మలు మోసి మోసి ఒక భుజం దిగిపోయిన మనిషి, ముందుకు వంగాడు. "అవునండి శ్రీకర్‌గారూ. నాకు అక్కడ ఐసు పనే అన్నారు కదా. ఏవంటారండి దాన్ని?"

"అక్కడికెళ్ళాక నేర్పిస్తారండి. అన్నీ ఇక్కడే ఎలా వస్తాయి చెప్పండి?"

"పడుకో, పరిగెత్తు, తవ్వు, చప్పుడు చేయకు, ఇవన్నీ ఇక్కడే వచ్చాయి కదండి" అన్నది తులసి.

"సేఫ్టీ మాటలమ్మా అవి. ఫ్యాక్టరీ అన్నాక అగ్నిప్రమాదాలూ అవీ ఉంటాయి కదండి."

"మంటలంటుకుంటే తవ్వుతారా అండి?"

చిన్నరాజు తన చేతులకేసి చూసుకుంటున్నాడు. తులసి లేచి బల్ల దగ్గరకు వెళ్ళి చెయ్యి చాపింది. శ్రీకర్ ముఖంలో మర్యాద చెక్కు చెదరలేదు. రబ్బరుబ్యాండు తీసి, వెతికి, ఏడుకొండలు పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టాడు.

"బలవంతం ఏవుందండి ఇందులో. రావడానికి బోల్డుమంది ఉన్నారు." తర్వాత ఆమెను దాటి వెనక్కి చూసి, "ఏడుకొండలుగారూ, ఆరింటిదాకా ఇక్కడే ఉంటానండి. మీరు నెమ్మదిగా ఆలోచించుకోండి" అన్నాడు.

వాళ్ళు మెట్లు దిగుతుంటే వెనక ఒక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఒక్కటే కుర్చీ. మిగతావాళ్ళు లేవలేదు.

కైకలూరు బస్సు ఇంకా నిండలేదు. కండక్టరు కింద నిలబడి టీ తాగుతున్నాడు. తులసి కిటికీ పక్కన కూర్చుని హ్యాండుబ్యాగును ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుంది. పాస్‌పోర్టు అందులో ఉంది. గెలిచినట్టుగానే ఉంది ఆమెకు. మాట తేలిగ్గా వచ్చింది.

"నేనేవనుకున్నానో తెలుసాండి? ఎవత్తో ఉందనుకున్నాను. మీరు నిద్రలో రానా, కూడా అంటుంటే."

ఏడుకొండలు నవ్వాడు. చాలా రోజులకు విన్న నవ్వు. అది ఎక్కువసేపు లేదు.

"నేను నిద్రపోలేదు తులసీ."

"ఎప్పుడు?"

"నువ్వు వైరు లాగిన రోజు నుంచీ. అంతకుముందూ లేదు. నిద్రెక్కడ పడుతోంది?" ఆయన ముందు సీటు కమ్మీ పట్టుకుని మాట్లాడుతున్నాడు. "ఐసు లేదని నాకూ తెలుసు. నేనూ చేపలవాణ్ణే కదా. లజీస్ అన్న రోజే తెలిసింది. టీవీలో చూపించారుగా, పనికని వెళ్ళినవాళ్ళకి తుపాకులిచ్చి యుద్ధంలోకి పంపారని."

తులసికి చప్పున అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన వైపు తిరిగింది. "తెలిసే వెళదామనుకున్నారా?"

"గేటు దగ్గర రోజూ గిన్నెలు బోర్లించి చూపిస్తున్నాను. నువ్వు చూశావు ఆ రోజు, గోదాం పక్కన నీ చీర కొంగు కనపడింది. ఇంటికొస్తే జేబులు నువ్వు చూస్తున్నావు. కవరు సరిగ్గానే మడిచావు గానీ ఫోటోలు తలకిందులుగా పెట్టావు." గొంతులో నిష్ఠూరం లేదు, చెరువు నీళ్ళ సంగతి చెప్పినట్టు చెబుతున్నాడు. "ఎవరికో ఒకరికి నా చేతికి తుపాకీ ఇద్దామనిపించిందంటే... నమ్మకం లేనివాడికి తుపాకీ ఇవ్వరు కదా అనుకున్నాను."

అలా ఇచ్చేది నమ్మి కాదండీ అని చెప్పడానికి తులసి నోరు తెరిచింది. నిజం అదే. కానీ ఆ నిజం చెబుతున్నంతసేపూ తన రెండు చేతులూ హ్యాండుబ్యాగు జిప్పును బిగించి పట్టుకుని ఉంటాయి. ఆమె వాటికేసి చూసింది. తర్వాత జిప్పు తీసి, పాస్‌పోర్టు పైకి తీసి, ఆయన చొక్కా జేబులో పెట్టింది. అది జేబుకు పట్టలేదు. సగం బయటికే ఉంది.

"మీ దగ్గరే ఉండనివ్వండి."

ఏడుకొండలు జేబుకేసి చూసుకున్నాడు. ఆమెకేసి చూశాడు. బస్టాండు గడియారంలో అయిదూ ఇరవై అయింది. మేడమీది గది పదినిమిషాల దూరంలో ఉంది.

"నీళ్ళబాటిలు తెస్తాను" అని లేచి బస్సు దిగాడు.

కండక్టరు గ్లాసు పెట్టేసి, "కైకలూరు, కైకలూరు, ఎక్కాలండి" అని కేకేశాడు. డ్రైవరు ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. కిటికీ ఊచలు వణకసాగాయి. తల కొద్దిగా తిప్పితే చాలు. కొట్టు కనిపిస్తుంది, బస్టాండు గేటు కనిపిస్తుంది, గేటు దాటి రోడ్డు ఎటు పోతుందో కూడా కనిపిస్తుంది. తులసి మెడ నరం లాగుతోంది. ఎదురుసీటు వెనక రెక్సిను చిరిగి లోపలి పీచు బయటికి వచ్చింది. ఆమె ఆ పీచుకేసి చూస్తూ కూర్చుంది.

సీట్లు నిండుతున్నాయి. కూరగాయల బుట్టతో ఒక పెద్దామె నడుస్తూ వచ్చి ఆగింది.

"ఇక్కడ ఎవరన్నా ఉన్నారా అమ్మా?"

"ఉన్నారండి" అన్నది తులసి, తల తిప్పకుండానే. "మా ఆయనండి. వస్తున్నారు."